చెవిలో అమ్మ

కుడికాలు గాల్లోకి లేపి, ఎడంకాలి మీద కొంగలా నిలబడిపోయింది తన్మయి. ముందు గడప. గడపకి అవతల నానమ్మ పైడమ్మ అప్పుడే కడిగి వదిలిన గచ్చు. వీపున పుస్తకాల సంచి, మెడలో నీళ్ళ సీసా, కాళ్ళకి బూట్లు, అన్నీ సిద్ధమే. అడుగు మాత్రం పడదు.

"ఏటే గుంటా, ఆ నిలబడ్డమేటి? దిగు" అంది పైడమ్మ చీపురు గోడకి ఆనించి.

"ఆగమంది నానమ్మా."

"ఎవలు?"

"చెవిలో అమ్మ."

వంటింట్లో టిఫిను డబ్బా మూత నొక్కుతున్న రత్నం చేతులు అక్కడే ఆగాయి. రోజుకి ఎన్నిసార్లు వింటోందో ఈ మాట. విన్నప్పుడల్లా ఒంటికి కారం రాసినట్టే ఉంటోంది.

"దిగవే తల్లీ, ఏం కాదు. గోడ పట్టుకుని మెల్లిగా దిగు. బడి గంట కొట్టేస్తారు" అంది బయటికొచ్చి.

"నువ్వు కాదు" అంది ఆ అయిదేళ్ళ పిల్ల, తెలియనివాళ్ళకి ఓర్పుగా చెప్పినట్టు. "నువ్వు ఇంట్లో అమ్మవి. చెవిలో అమ్మ చెప్పాలి."

"ఆ చెవిలో అమ్మా నేనేనే! అది నా గొంతేనే!"

పిల్ల ఒప్పుకోలేదు. గచ్చు ఆరేదాకా కదలదని తెలిసి, పైడమ్మే గొణుక్కుంటూ వచ్చి మనవరాల్ని చంకనేసుకుని వీధిలో దింపింది. "బూట్లేసుకున్న గుంటని సంకనెత్తుకుని బడికి తోలడం మా వంశంలో ఇదే మొదలు. ఆ రేకు తీసి అవతల పారెయ్యవే అంటే నా మాట ఎవలింటారు?"

రత్నం టిఫిను డబ్బా పట్టుకుని వెనకే నడిచింది. ఏం చెబుతుంది? ఆ రేకుని ఏరికోరి తెచ్చి పిల్ల మొలతాడుకి కట్టింది తనే.

*

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. రత్నం కీడెంచడం దగ్గరే ఆగిపోయిన మనిషి. మేలు దాకా వెళ్ళడానికి ఆమెకెప్పుడూ తీరిక చిక్కలేదు. పదో తరగతి దాకా చదివింది కానీ, తప్పుతానేమోనన్న బెంగతో పరీక్షకే వెళ్ళలేదు. ముద్దుగా తనూ అని పిలుచుకునే తన్మయి పుట్టాక ఆ బెంగంతా ఒకచోటికి చేరింది. పిల్ల పల్లీ నోట్లో వేసుకుంటే అది గొంతుకి అడ్డం పడినట్టే కనబడేది. ఫ్యాను కింద పడుకోబెడితే ఫ్యాను ఊడిపడినట్టే. బాల్చీ అడుగున జానెడు నీళ్ళుంటే చాలు, రత్నం కళ్ళకి అది నుయ్యి. ఆగు, జాగ్రత్త, దిగు, ముట్టుకోకు అంటూ పొద్దున్నే మొదలుపెడితే, పిల్ల నిద్రపోయేదాకా ఆ ఇంట్లో ఇంకో మాట పుట్టేది కాదు. రోజంతా లేతు మిషను దగ్గర ఇనుము కోసి వచ్చే మొగుడు ఈశ్వర్రావు, "మా షెడ్డే నయమే, కరెంటు పోతే అయినా ఆగుద్ది" అని చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

అలాంటి రత్నానికి విశాఖ నుంచి పిలుపొచ్చింది. పసిపిల్లలకి దెబ్బలు తగలకుండా కాచే యంత్రమొకటి తయారవుతోందట. అనకాపల్లిలో చిన్నపిల్లల తల్లులు కొందరు కావాలట. పక్కింటి కుమారి తన కూతురు చెర్రీని తీసుకుని వెళ్తుంటే, రత్నం కూడా తనూని చంకనేసుకుని బయల్దేరింది. బస్సు బోల్తా పడుతుందేమోనని దారి పొడుగునా కిటికీ ఊచ వదల్లేదు.

అక్కడ విమల మేడమ్ అని ఒకావిడ, వయసు యాభైకి దగ్గర, మాట మెత్తన. "యంత్రానికి చూడ్డం నేర్పాం, వినడం నేర్పాం. భయపడ్డం నేర్పలేకపోతున్నామండీ. దేన్ని చూసి భయపడాలో దానికి తెలీదు. అది మీ దగ్గర నేర్చుకోవాలి" అని, తల్లుల్ని ఒక్కొక్కరినే తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఎవరో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. గుండె గుబుక్కుమన్నప్పుడు చేతిలో మీట నొక్కాలి. అంతే.

తక్కిన తల్లులు పిల్లాడి కాలు జారినప్పుడు నొక్కారు. రత్నం, పిల్లాడు తెర మీదికి రాకముందే నొక్కేసింది.

"అదేంటండీ, ఇంకా ఖాళీ గదేగా?" అంది విమల.

"ఆ బల్ల అంచు చూశారా మేడమ్? ఎంత కోసుగా ఉందో! పిల్లలున్న ఇంట్లో అలాటి బల్ల పెడతారా ఎవరైనా?"

పక్క గదిలో ఎవరో నవ్వారు. తెర మీద బొమ్మ నడిచింది. పిల్లాడొచ్చాడు, బంతి తన్నాడు, గెంతాడు, ఆఖరికి సరిగ్గా ఆ బల్ల అంచుకే తల కొట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత వారం వారం రత్నానికి కారు పంపించారు.

అలా తయారయింది రేకు. పిల్లల మొలతాడుకి కట్టే రక్షరేకు లాగే ఉంటుంది, దాని జంట ముక్క మిరియపు గింజంత, చెవి వెనక అంటుకుని ఉంటుంది. పిల్ల అడుగు ఎలా పడుతోంది, ఒళ్ళు ఎటు తూలుతోంది, చుట్టుపక్కల చక్రాలేమున్నాయి, నీళ్ళేమున్నాయి, అన్నీ కనిపెట్టి, దెబ్బ తగలబోయే ముందు చెవిలో "ఆగు!" అంటుంది.

ఎవరి గొంతుతో అనాలన్న దగ్గరే చిక్కొచ్చింది. మొదట ఏ పిల్లకి ఆ పిల్ల తల్లి గొంతే పెట్టి చూశారు. ఒక్క పిల్లా ఆగలేదు. రోజూ ఇంట్లో వినే గొంతేగా! విమల తల పట్టుకుని కూర్చున్న రోజునే, తనూ అక్కడ వేలాడుతున్న తీగ ఏదో పట్టుకోబోయింది.

"ఆగు!"

రత్నం అరిచిన ఆ అరుపుకి నడవాలో పరుగెత్తుతున్న పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. టీ గ్లాసులు తెస్తున్న మనిషి ఆగిపోయాడు. రాసుకుంటున్న విమల కలం కూడా ఆగిపోయింది. ఆవిడ కలం మెల్లిగా బల్ల మీద పెట్టి, "రత్నంగారూ, ఆ మాట ఇంకోసారి అంటారా?" అంది.

రేకు కట్టిన పిల్లలందరి చెవుల్లోనూ ఆ కేకే పెట్టారు. అనకాపల్లిలో పిల్లలందరినీ తన గొంతే కాస్తోందంటే రత్నానికి ఒళ్ళు పులకరించింది. పొలిమేర కాచే అమ్మవారు గుర్తొచ్చి, అంతలోనే తప్పు తప్పని లెంపలేసుకుంది.

*

కొన్నాళ్ళు స్వర్గమే. తనూ పుట్టాక మొదటిసారి రత్నం మధ్యాహ్నం పూట కన్ను మూసింది. మోకాలు చెక్కుకోలేదు, తలకి బొప్పి కట్టలేదు. చెవిలో అమ్మ ఊరికే అరవదు. అవసరమైతేనే అంటుంది, అన్నప్పుడు నిజంగానే ఏదో ఉంటుంది. తనూకి ఆ సంగతి రెండు రోజుల్లో అర్థమైపోయింది. ఇంట్లో అమ్మ అన్నింటికీ అరుస్తుందన్న సంగతి ఎప్పుడో అర్థమైంది.

అక్కడి నుంచి మొదలైంది రత్నం ప్రాణానికి.

దోసె పెనం మీదికి చెయ్యి చాపుతుంది పిల్ల. "కాల్తుందే! పొగ కనబడ్డంలేదూ?" అని రత్నం గగ్గోలు పెడితే, చెయ్యి అలాగే గాల్లో ఉంచి, తల ఓరగా వంచి వింటుంది. "చెవిలో అమ్మ ఏమీ అనలేదే" అంటుంది. చెయ్యి ఇంకొంచెం దించుతుంది. చెవిలో అరుపు వినగానే, "ఆఁ, ఇప్పుడంది" అని తీసేసుకుంటుంది. కాలుతుందని భయపడి కాదు. ఆగమంది కాబట్టి.

బడిలో నీళ్ళ ట్యాంకు నిచ్చెన సగం దాకా ఎక్కేసింది. నిచ్చెన గట్టిగానే ఉంది, పిల్ల పట్టు గట్టిగానే ఉంది, కాబట్టి రేకు నోరు మెదపలేదు. కింద టీచరు మాత్రం కళ్ళు తిరిగి పడబోయింది. "దిగమంటే, 'మీరు కాదు టీచర్' అందండీ" అని రత్నాన్ని పిలిచి చెప్పింది టీచరు. "ఆటల్లోకి పంపితే అడుగు వెయ్యదు. ఎక్కకూడని చోటికి మాత్రం తాపీగా ఎక్కేస్తుంది. ఇంట్లో ఏం నేర్పుతున్నారండీ?"

ఇంట్లో ఏం నేర్పుతున్నాం! రత్నానికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడకి మేకులేమైనా ఉన్నాయేమోనని ముందు చూసుకుంది కూడా.

విమలకి ఫోను చేస్తే ఆవిడ శ్రద్ధగానే విన్నది. "దెబ్బలేమైనా తగిలాయాండీ?"

"దెబ్బలు తగల్లేదండి. అదే భయంగా ఉంది."

"ఇదివరకు తగుల్తాయని భయపడేవారు" అంది విమల నవ్వుతూ.

"మీకు నవ్వులాటగా ఉంది మేడమ్. మా పిల్లకి భయమే తెలీటం లేదండి. భయమంతా ఆ రేకులో ఉండిపోయింది. రేపు ఆ రేకు ఊడిపోతేనో? తడిసిపోతేనో? ఛార్జింగు అయిపోతేనో?"

"పెద్దయితే తనే నేర్చుకుంటుందండీ. ముందు పెద్దవ్వాలిగా క్షేమంగా."

క్షేమంగా పెద్దవ్వాలి. ఆమె కోరుకున్నదీ అదే. ఆ ఒక్క మాటకే ఆ రోజు మొలతాడు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కొచ్చేసింది. రేకు తియ్యాలంటే భయం, ఉంచాలంటే భయం. పైడమ్మేమో అసలు రక్షరేకు తీసేసి ఈ రేకు కట్టినందుకే అమ్మవారికి కోపమొచ్చిందని తేల్చేసి, పాతది కూడా తెచ్చి పక్కన కట్టింది. పిల్ల నడుస్తుంటే రెండూ తగిలి టకటకమనేవి.

"ఇంక పులిని కూడా కట్టెయ్యండి కాపలాకి" అన్నాడు ఈశ్వర్రావు.

"అది కరిస్తేనో?" అంది రత్నం. ఆమె ఎగతాళికి అనలేదు.

*

ఆ రోజు బడి వదిలే వేళకి రత్నం వీధికి ఇవతలే ఉండిపోయింది. కుమారి బట్టల కొట్టులో పనికి వెళ్తుంది కాబట్టి చెర్రీని తీసుకురావడం కూడా రత్నం పనే. రోజూ గేటు దాకా వెళ్ళి ఇద్దరి చేతులూ చెరొక పక్కా బిగించి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. ఆ వేళ చెప్పు తెగింది. తెగిన చెప్పుతో రోడ్డు దాటితే జారిపడనూ? దాన్ని పిన్నీసుతో కుట్టుకుందామని అక్కడే వంగింది. తల ఎత్తేసరికి గేటు తెరిచేశారు. అటు పక్క నుంచి అమ్మని చూసి తనూ రోడ్డు మీదికొచ్చేసింది. వెనకే చెర్రీ.

కుడివైపు నుంచి బెల్లం మార్కెట్టుకి పోయే వ్యాను వస్తోంది. ఇంకా దూరంలోనే ఉంది. నిండా దిమ్మలు, నెమ్మదిగా వస్తోంది. పిల్లలిద్దరూ చులాగ్గా దాటిపోతారు. రేకులు రెండూ ఆ లెక్క వేసుకుని మాట్లాడకుండా ఊరుకున్నాయి.

రత్నం లెక్కలు వేరు. ఆమె కళ్ళకి వ్యాను అప్పుడే వచ్చేసింది, అప్పుడే ఎక్కేసింది, జనం మూగేశారు, తెల్లగుడ్డ కూడా కప్పేశారు.

"ఆగు!"

తనూ ఆగలేదు. ఇంట్లో అమ్మేగా, రోజూ ఉండేదే. చకచకా నడిచి ఇవతలి గట్టుకి వచ్చేసింది.

చెర్రీ ఆగిపోయింది.

ఆ పిల్లకి ఆ గొంతు గోడ అవతల నుంచి వినబడే రత్నం పెద్దమ్మ గొంతు కాదు. మింగేసే ఆపద ముందు చెవిలో మోగే గొంతు. ఒక కాలు పైకి లేపి, రోడ్డు నట్టనడుమ, కొంగలా నిలబడిపోయింది. ఇప్పుడు నిజంగానే ఆపదొచ్చింది. వ్యాను దగ్గరకొచ్చేస్తోంది. రేకు అదిప్పుడు పసిగట్టింది. పసిగట్టి ఏమంటుంది? దానికొచ్చింది ఒక్కటే మాట. ఆగు. పిల్ల ఇంకా గట్టిగా బిగుసుకుంది. ఆగు. ఆగు.

"చెర్రీ, రా! లగెత్తే! లగెత్తవే!" అని అరిచింది రత్నం. ఆ మాట ఆమె నోటికి ఎంత కొత్తో, ఎవరో పరాయి మనిషి అరిచినట్టు పీలగా వచ్చింది. చెర్రీ కళ్ళు మాత్రం ఇటు తిప్పింది. కాలు దించలేదు. రత్నం ఉరుకుదామంటే తన కాళ్ళూ కదల్లేదు. తెగిన చెప్పు కాదు, భయం. జన్మంతా దేని కోసం కాపలా కాసిందో అది ఎదురుగా వస్తుంటే ఒళ్ళు రాయైపోయింది.

పక్క నుంచి టకటకమని చప్పుడు. తనూ వెనక్కి తిరిగింది. రోడ్డు మీదికి అడుగేసింది. వెంటనే ఒళ్ళు ఉలిక్కిపడింది, చెవిలో అరుపు పడ్డట్టుంది, కాలు గాల్లోకి లేచింది. అలాగే ఉండిపోతుందనుకుంది రత్నం. పిల్ల పెదాలు కదిలాయి, ఎవరితోనో ఏదో అంది. లేచిన కాలు నేల మీద పడింది. ఇంకో కాలు. పరుగు. చెర్రీని రెండు చేతులా తోసేసింది. ఇద్దరూ అవతలి అంచున బోర్లా పడ్డారు. వ్యాను కీచుమని పక్కకి మళ్ళి ఆగింది. బెల్లం దిమ్మలు దబదబా రోడ్డు మీద పడి దొర్లాయి.

డ్రైవరు దిగి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తర్వాత రత్నం మీద పడ్డాడు. "ఏటమ్మా! సక్కగా దాటిపోతన్న గుంటల్ని నడిరోడ్డున ఆగమని కేకేస్తావేటి? నాను సూసుకునే వత్తన్నాను కదా! నువ్వు నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఇంటికి పోయుందురు!"

రత్నం వినిపించుకోలేదు. లేదు, విన్నది. ప్రతి మాటా విన్నది. చెర్రీ గుక్కపెట్టి ఏడుస్తోంది. తనూ ఏడవలేదు. పడేటప్పుడు చేతులు ముందుకి పెట్టుకోవాలని ఆ పిల్లకి తెలీదు, ఎప్పుడూ పడితేగా! గడ్డం చితికింది, మోకాలు గీరుకుపోయింది. లేచి కూర్చుని మోకాలి మీద ఊరుతున్న రక్తాన్ని వింతగా చూసుకుంటోంది. తల్లి దగ్గరకొచ్చాక అడిగింది.

"అమ్మా, ఇది నొప్పేనా?"

"అవునమ్మా" అంది రత్నం, పిల్లని ఒళ్ళోకి లాక్కుని. "ఇదే నొప్పి."

అప్పుడేడిచింది తనూ.

*

ఆ సాయంత్రం కుమారి వచ్చింది. చెర్రీ మొలతాడు రేకుతో సహా తెంపి తెచ్చి రత్నం గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

పైడమ్మ మాత్రం మనవరాల్ని కూర్చోబెట్టి పసుపు అద్దుతూ, నేల మీద చేత్తో టపటపా కొట్టింది. "ఈ రోడ్డేనా నా తల్లిని కొట్టింది? దీని పని చెప్తానుండు. ఇంద! ఇంద!"

"రోడ్డు కొట్టలేదు నానమ్మా" అంది తనూ, కళ్ళు తుడుచుకుని. "నేనే పడ్డాను." ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మొహంలో ఉన్నది ఏమిటో రత్నానికి కాసేపటికి గానీ తట్టలేదు. గర్వం.

మర్నాడు పిల్లలిద్దరి రేకులూ కొంగున కట్టుకుని విశాఖ బస్సెక్కింది. కిటికీ ఊచ పట్టుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

విమల మొహం పీక్కుపోయి ఉంది. రేకుల్లో దాచుకున్న చప్పుళ్ళన్నీ ముందే విన్నట్టుంది. "మీరు వినకపోతేనే మంచిదండీ" అంది.

"వినిపించండి."

ముందు చెర్రీ చెవిలో మోగింది వినిపించింది. గదంతా నిండిపోయింది ఆ గొంతు. ఆగు. ఆగు. ఆగు. రత్నం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కోపం లేదు అందులో, ప్రేమా లేదు. ఒట్టి భయం. తన మీద కత్తి దూస్తున్నవాణ్ణి చూసి అరిచినట్టుంది. ఇంత భయాన్నా తను పిల్ల చెవిలో పోసింది? రోజూ, నిద్రలేచింది మొదలు?

"ఇది తనూది" అంది విమల.

మళ్ళీ అదే కేక. ఆగు! ఆ వెనక పిల్ల ఊపిరి. మళ్ళీ ఆగు! అప్పుడు తనూ గొంతు, విసుగ్గా, తొందరగా, అచ్చం రత్నం ఈశ్వర్రావు మీద విసుక్కున్నట్టే:

"ఉండమ్మా నువ్వు! చెర్రీ ఉండిపోయింది!"

టకటక. ధడేలుమన్న చప్పుడు. అంతే.

రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో విమలకి అర్థం కాలేదు.

"తప్పు మాదేనండీ" అంది విమల. "ఒక్క మాటే నేర్పాం. రెండో మాట ఉండాలి. లగెత్తు అని. మీ గొంతుతోనే ఉంటే పిల్లలు వింటారు. ఒక్కసారి అనండి, పట్టుకుంటాం."

అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది. రత్నం గొంతు సవరించుకుంది. నోరు తెరిచింది.

"లగెత్తకు!"

"లగెత్తు అనాలండీ."

"లగెత్తు... జాగ్రత్త!"

"ఆ రెండోది వద్దండీ."

ఎన్నిసార్లన్నా అంతే. లగెత్తు అంటే వెనకాలే మెల్లిగా వచ్చేది, లేకపోతే చూసుకో వచ్చేది, అదీ లేకపోతే గొంతు వణికి ఆగిపోయేది. ముప్ఫై ఏళ్ళ జీవితంలో ఎవరినీ లగెత్తమని చెప్పలేదు ఆమె. తనని కూడా. విసుగెత్తి చెవులకి పెట్టిన డిప్పలు ఊడబీకి బయటికొచ్చేసింది.

"నా వల్ల కాదు మేడమ్. నా గొంతు తీసెయ్యండి అందులోంచి."

"తీసేస్తే పిల్లలకి దెబ్బలు తగుల్తాయి రత్నంగారూ. కొన్ని చిన్నవి కావు. మీకు తెలుసు."

"నాకంటే ఎవరికి తెలుసండీ? ఏ పిల్లకి ఎక్కడ తగుల్తుందో ఇప్పుడే చెప్పమంటే చెప్తాను. పడుకుంటే కళ్ళ ముందు అవే." కొంగు ముడి విప్పి రెండు రేకులూ ఆవిడ ముందు పెట్టింది. "అయినా తీసెయ్యండి. నిన్న మా పిల్ల ఆ గొంతు విన్నట్టయితే చెర్రీ ఈపాటికి లేదు. మా పిల్ల దాన్ని ఉండమంది. అంత చిన్నపిల్ల ఉండమంటే, నేను ఉండలేనా?"

విమల ఆ రేకులు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి లేచి వెళ్ళి, మిషను మీద ఏవో నొక్కింది. ఆ పూటతో ఊళ్ళో రేకులన్నీ మూగబోయాయి. రెండేళ్ళ పని ఆవిడది. "మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టాలి" అంది, ఎవరితోనో అన్నట్టు. రత్నానికి జాలేసింది. అయినా, వెళ్ళేటప్పుడు ఆ గదిలో బల్ల అంచులకి గుడ్డ చుట్టమని చెప్పడం మర్చిపోలేదు.

*

చెప్పినంత తేలిక కాలేదు. రేకు లేని పిల్లని చూస్తుంటే రత్నానికి ఇంట్లో గోడలు లేనట్టే ఉంది. అలవాటైన నోరు ఊరుకోదు. వారం తిరక్కుండానే ఆగులు, జాగ్రత్తలు మళ్ళీ మొదలయ్యాయి. తనూ ప్రతి దానికీ వెనక్కి తిరిగి తల్లి మొహంలోకి చూడ్డం మొదలుపెట్టింది. చెవిలో అమ్మ పోయి, మొహంలో అమ్మ వచ్చింది.

"నోట్లో నీళ్ళు పట్టవే" అంది పైడమ్మ ఒకనాడు. "నాను కాపరానికొచ్చిన కొత్తలో ఎదురు సెప్తన్నానని మా యత్త అలాగే పట్టించేది. నీళ్ళున్న నోరు ఏటని అరుస్తాది?"

"పొలమారితేనో?" అంది రత్నం. అన్నా, ఆ ఆదివారం పట్టి చూసింది.

పెరటి పిట్టగోడ ఎక్కింది తనూ. గడ్డం మీద పొక్కు ఇంకా రాలలేదు. గోడ అంచున నిలబడి, "అమ్మా, దూకనా?" అంది.

రత్నం బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. కింద గచ్చు. గచ్చు మీద పగిలిన కుండీ పెంకు. పెంకు అంచు. పిల్ల కాలు. కళ్ళ ముందు అన్నీ వరసగా జరిగిపోతున్నాయి. గొంతు దాకా వచ్చిన కేక నీళ్ళకి తగిలి ముక్కులోకి ఎక్కింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మాట మాత్రం రాలేదు.

తనూ తల్లి మొహంలోకి చూసింది. ఆ ఉబ్బిన మొహంలో అవునని లేదు, కాదని లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. అక్కడా ఏమీ లేదు. ఇంక చేసేదేం లేక, కిందికి చూసింది.

చాలాసేపు చూసింది. ఒక కాలు దించబోయి, వెనక్కి లాక్కుంది. రెండు చేతులతో గోడ పట్టుకుని కూలబడింది.

"అబ్బో, ఇక్కడ ఎత్తుగా ఉంది" అంది, తనలో తనే. "పెంకు కూడా ఉంది."

గోడ మీదే జరుక్కుంటూ, జరుక్కుంటూ, ఇసక పోసి ఉన్న చివరికి వెళ్ళింది. మళ్ళీ కిందికి చూసుకుంది. చేతులు ముందుకి చాపి, దూకింది. బోర్లా పడింది. లేచింది. అరచేతులు దులుపుకుంది.

"మింగేయవే కోడలా, గుంట దిగిపోనాది" అంది పైడమ్మ.

రత్నం గుటక వేసింది. చన్నీళ్ళు గుండె మీదుగా దిగుతుంటే ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి ఇంకా పూర్తిగా వదలనేలేదు.

తనూ మళ్ళీ గోడెక్కుతోంది.

రత్నం మళ్ళీ చెంబందుకుంది.